భాసుడి నాటకాలు భాసుడివేనా? కర్తృత్వాన్ని మీరే పరీక్షించే మార్గం

తిరువాన్కూరు సంస్థానంలో సంస్కృత గ్రంథాలను సేకరించి అచ్చు వేయించడం టి. గణపతిశాస్త్రి ఉద్యోగం. 1909లో పద్మనాభపురం దగ్గరి మణలిక్కర మఠంలో ఆయనకు మలయాళ లిపిలో రాసిన ఒక తాళపత్ర గ్రంథం దొరికింది. అందులో పది నాటకాలు పూర్తిగా, పదకొండోది కొంత భాగం ఉన్నాయి. తర్వాత మరోచోట ఇంకో రెండు నాటకాలు దొరికాయి. మొత్తం పదమూడు: స్వప్నవాసవదత్తం, ప్రతిజ్ఞాయౌగంధరాయణం, అవిమారకం, చారుదత్తం, ప్రతిమ, అభిషేకం, బాలచరితం, పంచరాత్రం, మధ్యమవ్యాయోగం, దూతవాక్యం, దూతఘటోత్కచం, కర్ణభారం, ఊరుభంగం. 1912 నుంచి ఇవి తిరువనంతపురం సంస్కృత గ్రంథమాలలో వెలువడ్డాయి. కాళిదాసు గౌరవంగా తలచిన భాసుడి రచనలే ఇవని శాస్త్రి ప్రకటించారు.

ఈ పదమూడింటిలో ఏ ఒక్కదానిలోనూ భాసుడి పేరు లేదు. నూరేళ్లు దాటినా తెగని వివాదానికి మూలం ఇదే.

మన దగ్గర ఊరుభంగాన్నీ స్వప్నవాసవదత్తాన్నీ పాఠ్యగ్రంథాలుగా చదువుతున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం కాలంనుంచే భాస నాటకాలు తెలుగులో ఉన్నాయి, రంగస్థలం మీద ఆడుతూనే ఉన్నాయి. అయినా కర్తృత్వం మాట వచ్చేసరికి చాలా పుస్తకాలు "కొందరు కాదంటారు, ఎక్కువమంది ఔనంటారు" అన్న ఒక్క వాక్యంతో ముగిస్తాయి. ఇంత గొప్ప నాటకాల విషయంలో అంత తేలిక పనికిరాదు. పండితుల తలలు లెక్కపెట్టకుండా, సాక్ష్యాలను ఎవరికి వారు తూచుకునే పద్ధతి ఒకటి ఉంది. ఓపిక ఉంటే సంస్కృతంలో మంచి పట్టు లేనివారు కూడా అందులో చాలా దూరం పోగలరు.

ముందుగా సమకూర్చుకోవలసినవి: పదమూడు నాటకాల మూలం (సి. ఆర్. దేవధర్ 1937లో పుణె నుంచి తెచ్చిన భాసనాటకచక్రం సంపుటం అందుకు చాలు), మీకు అందే ఏదైనా అనువాదం, చారుదత్తంతో పోల్చడానికి శూద్రకుడి నాటకం మృచ్ఛకటికం ప్రతి, ఒక నోటు పుస్తకం. నోటు పుస్తకంలో ఒక్కో నాటకానికి ఒక్కో పుట కేటాయించండి. ఈ విడదీత మొదటి రోజే జరగాలి. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

మెట్టు 1: ఒకే ప్రశ్నగా కనిపించేదాన్ని నాలుగుగా విడగొట్టండి

"ఇవి భాసుడివేనా?" అన్న ప్రశ్నలో నాలుగు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. భాసుడనే ప్రసిద్ధ నాటకకర్త ఉన్నాడా? ఆయన స్వప్నవాసవదత్తం అనే నాటకం రాశాడా? మన చేతిలో ఉన్న స్వప్నవాసవదత్తం ఆయన రాసినదేనా? మిగతా పన్నెండూ అదే చేతి నుంచి వచ్చినవేనా?

మొదటి రెండింటికీ జవాబు దాదాపు స్థిరం. మూడోదాని మీదే అసలు వాదం నడవాలి. నాలుగోది ఇంకా కష్టం. గణపతిశాస్త్రి వాదం మూడో ప్రశ్నకు వచ్చిన జవాబును నాలుగోదానికి పొడిగిస్తుంది. స్వప్నం భాసుడిది, మిగతావి స్వప్నాన్ని పోలి ఉన్నాయి, కాబట్టి అన్నీ భాసుడివే అన్నది ఆ వాదసరణి. ఎదుటి పక్షంలో ఎల్. డి. బార్నెట్ వంటివారు ఈ పొడిగింపునే తలకిందులు చేశారు. మిగతావి దక్షిణాదిలో 7వ శతాబ్దంలో పుట్టినట్లున్నాయి, కాబట్టి స్వప్నం కూడా అంతే అన్నారు. రెండు పక్షాలూ పదమూడింటినీ ఒకే కట్టగా పట్టుకున్నాయి. తాళపత్రాలను కట్టిన దారం కర్తృత్వానికి సాక్ష్యం కాదు.

మెట్టు 2: పాత సాక్షులను పిలవండి, ఒక్కొక్కరు ఎంత చెప్పారో అంతే రాసుకోండి

కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో, అంటే నాటకాన్ని పరిచయం చేసే ఆరంభ భాగంలో, భాసుడు, సౌమిల్లకుడు, కవిపుత్రుడు వంటి ప్రసిద్ధులను కాదని కొత్తవాడి నాటకం ఎందుకని సూత్రధారుడి సహాయకుడైన పారిపార్శ్వకుడి చేత అడిగిస్తాడు. దీనివల్ల తేలేది భాసుడు కాళిదాసుకు ముందువాడనీ, అప్పటికే పేరున్నవాడనీ. ఏ నాటకం పేరూ ఇక్కడ లేదు.

7వ శతాబ్దంలో బాణుడు హర్షచరితం ఆరంభంలో ఇలా అన్నాడు:

సూత్రధారకృతారంభైః నాటకైర్బహుభూమికైః
సపతాకైర్యశో లేభే భాసో దేవకులైరివ

ఇది శ్లేష. దేవాలయాన్ని ఆరంభించేది శిల్పి అయిన సూత్రధారుడు, నాటకాన్ని ఆరంభించేది రంగస్థల సూత్రధారుడు. గుడికి అంతస్తులు, నాటకానికి పాత్రలు. అక్కడ జెండాలు, ఇక్కడ ఉపకథలు. మన పదమూడు నాటకాలూ సూత్రధారుడి ప్రవేశంతో మొదలవుతాయి కాబట్టి బాణుడు వీటి గురించే చెప్పాడని ఒక పక్షం అంటుంది. సూత్రధారుడు ఆరంభించని సంస్కృత నాటకం ఉందా, శ్లేష కుదరడానికి వాడిన మాటను భాసుడి ప్రత్యేక లక్షణంగా ఎలా తీసుకుంటారు అని రెండో పక్షం అడుగుతుంది. ఈ విషయంలో రెండో పక్షం మాట నాకు బలంగా తోస్తుంది. బాణుడి శ్లోకం భాసుడికి బహునాటకకర్తగా ఉన్న కీర్తికి గట్టి సాక్ష్యం. నాటకాలను గుర్తుపట్టడానికి మాత్రం బలహీనమైన ఆధారం.

వాక్పతి తన ప్రాకృత కావ్యం గౌడవహోలో భాసుణ్ణి అగ్నికి మిత్రుడన్నాడు. రాజశేఖరుడి పేరుతో జల్హణుడి సూక్తిముక్తావళిలో ఉన్న శ్లోకం దానికి తోడుగా నిలుస్తుంది:

భాసనాటకచక్రేఽపి ఛేకైః క్షిప్తే పరీక్షితుం
స్వప్నవాసవదత్తస్య దాహకోఽభూన్న పావకః

పరీక్షించడానికి నేర్పరులు భాస నాటకచక్రాన్ని నిప్పులో వేస్తే స్వప్నవాసవదత్తాన్ని అగ్ని కాల్చలేకపోయిందట. భాసుడినీ స్వప్నవాసవదత్తాన్నీ కలిపి చెప్పిన ఈ శ్లోకమే మొత్తం వాదానికి వెన్నెముక. రాజశేఖరుడు 900 ప్రాంతం వాడు, జల్హణుడి సంకలనం 13వ శతాబ్దానిది. మధ్యలో దాదాపు మూడున్నర శతాబ్దాల ఎడం ఉంది. ఆ ఎడాన్ని కూడా మీ పుటలో రాసుకోండి.

దండి అవంతిసుందరీకథలో ఒక శ్లోకం ఉంది. మరణించాక కూడా భాసుడు శరీరాలవంటి తన నాటకాలతో నిలిచి ఉన్నాడని దాని భావం. ఈ గ్రంథాన్ని వెలికితీసి ప్రకటించినవారు మన మానవల్లి రామకృష్ణకవి. భాస సమస్యకు ముఖ్యమైన మరో ఆధారం, అభినవగుప్తుడి నాట్యశాస్త్ర వ్యాఖ్య, అది కూడా ఆయన సంపాదకత్వంలోనే బరోడా నుంచి వెలుగు చూసింది. భాసుడి మీద తెలుగులో వచ్చే వ్యాసాలు ఈ మాట చెప్పకుండా దాటిపోవడం నాకు బాధగా ఉంటుంది.

మెట్టు 3: ఉటంకింపులను అచ్చు ప్రతిలో వెతకండి

అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పాత ఆలంకారికులు (కావ్యశాస్త్ర రచయితలు) స్వప్నవాసవదత్తం నుంచి ఏమేం ఎత్తి చూపారో తీసుకుని, మన ప్రతిలో అవి ఉన్నాయో లేవో చూడాలి. ఫలితాలను మూడు గుంపులుగా రాయండి: ఉన్నవి, లేకపోయినా సందర్భానికి అతికేవి, ఎక్కడా అతకనివి.

ఉన్నవాటికి ఉదాహరణ. కాశ్మీరుడైన వామనుడు 800 ప్రాంతంలో తన కావ్యాలంకారసూత్రవృత్తిలో ఒక శ్లోకం ఇస్తాడు. గాలికి ఎగిరిన రెల్లుపూల పొడి వల్ల ముఖం కన్నీటిమయమైందని దాని భావం. స్వప్నవాసవదత్తం నాలుగో అంకంలో వత్సరాజు ఉదయనుడు చనిపోయిందనుకున్న భార్య వాసవదత్తను తలచి ఏడుస్తాడు, కొత్త భార్య పద్మావతి రాగానే ఈ శ్లోకంతో కన్నీటిని కప్పిపుచ్చుకుంటాడు. మన ప్రతికీ వామనుడి పాఠానికీ కొద్ది మాటల తేడా ఉన్నా శ్లోకం అదే. అభినవగుప్తుడు ఆట అనే సందర్భానికి స్వప్నవాసవదత్తాన్ని పేర్కొంటాడు. మన ప్రతి రెండో అంకంలో పద్మావతి బంతి ఆడుతుంది. ఇదీ సరిపోయింది.

రెండో గుంపుకు 12వ శతాబ్దపు నాటకశాస్త్ర గ్రంథం నాట్యదర్పణం మంచి ఉదాహరణ. రామచంద్ర గుణచంద్రులు భాసుడి స్వప్నవాసవదత్తం నుంచి అని పేరు పెట్టి మరీ ఈ శ్లోకం ఇచ్చారు:

పాదాక్రాంతాని పుష్పాణి సోష్మ చేదం శిలాతలం
నూనం కాచిదిహాసీనా మాం దృష్ట్వా సహసా గతా

పూలు నలిగి ఉన్నాయి, రాతిపలక ఇంకా వెచ్చగా ఉంది, ఎవరో స్త్రీ ఇక్కడ కూర్చుని నన్ను చూసి చప్పున వెళ్లిపోయింది. ఈ శ్లోకం మన ప్రతిలో లేదు. ఇప్పుడు నాలుగో అంకాన్ని మళ్లీ చదవండి. శేఫాలికల పూదోట, రాతిపలక, పద్మావతీ వాసవదత్తా కూర్చుని ఉండగా రాజు రావడం, వాళ్లు లతామండపంలోకి తప్పుకోవడం, రాజు వచ్చి కూర్చోవడం. శ్లోకం కోసం ఆ దృశ్యం ఖాళీ జాగా ఉంచినట్టు ఉంటుంది. ఈ ఒక్క శ్లోకాన్ని ఇరుపక్షాలూ తమకే అనుకూలమన్నాయి. అచ్చు ప్రతిలో లేదు గనుక ఇది అసలు స్వప్నం కాదని ఒకరు, ఇంత చక్కగా అతుకుతుంది గనుక నాటకం అదే, శ్లోకం మాత్రం జారిపోయిందని ఇంకొకరు. మీరు అంకం చదివి నిర్ణయించుకోండి. నాకు రెండో మాటే నిజమనిపిస్తుంది. వేరే కవి రాసిన నాటకంలో అదే తోట, అదే రాతిపలక, అదే తప్పుకోవడం యాదృచ్ఛికంగా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

మూడో గుంపు ఇబ్బందికరం. అభినవగుప్తుడే ధ్వన్యాలోకానికి రాసిన వ్యాఖ్య లోచనంలో స్వప్నవాసవదత్తానిదని చెప్పి, రెప్పల తలుపులు మూసిన కంటి వాకిలిని తెరుచుకుని రాకుమారి నా హృదయగృహంలోకి ప్రవేశించిందన్న భావంతో ఒక శ్లోకం ఇచ్చాడు. దానికి మన ప్రతిలో సులువైన చోటు కనిపించదు. ఇది సమర్థకులకు ప్రతికూల సాక్ష్యం. దాన్ని దాచకూడదు, బలవంతాన ఎక్కడో ఇరికించనూ కూడదు.

ఇక్కడ ఇంకో హెచ్చరిక. రెండు గ్రంథాల్లో ఒకే శ్లోకం కనిపిస్తే ఎవరు ఎవరిది తీసుకున్నారో శ్లోకమే చెప్పదు. ప్రతిజ్ఞాయౌగంధరాయణంలోని "నవం శరావం" శ్లోకం కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఉంది. గణపతిశాస్త్రి దీన్ని పట్టుకుని భాసుణ్ణి కౌటిల్యుడికి ముందుకు జరిపారు. సైనికులను ఉత్సాహపరచే ఆ శ్లోకం ఇద్దరికీ ముందే లోకంలో తిరుగుతున్నదైనా కావచ్చు. "లింపతీవ తమోఽఙ్గాని" సంగతీ అంతే. అది చారుదత్తంలో ఉంది, బాలచరితంలో ఉంది, మృచ్ఛకటికంలో ఉంది, దండి కావ్యాదర్శంలో చర్చకూ వచ్చింది.

మెట్టు 4: పోలికల పట్టిక వేయండి, తర్వాత దానికి ఎదురు పట్టిక వేయండి

పదమూడు నాటకాల మధ్య పోలికలు నిజంగానే కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఉత్తరాది ప్రతుల్లో మామూలుగా మంగళశ్లోకం ముందు వచ్చి, "నాంద్యంతే" (నాంది ముగిశాక) అన్న సూచన తర్వాత సూత్రధారుడు మాట్లాడతాడు. ఇక్కడ "నాంద్యంతే తతః ప్రవిశతి సూత్రధారః" అన్న సూచనే మొదటి పంక్తి, మంగళశ్లోకం దాని వెనక వస్తుంది. కొన్నింటి మంగళశ్లోకాల్లో నాటకపాత్రల పేర్లు శ్లేషగా ఇమిడి ఉంటాయి. సూత్రధారుడు సభవారికి ఏదో విన్నవించబోతుండగా తెరవెనక శబ్దం వినిపిస్తుంది, "చూస్తాను" అంటూ వెళ్తాడు. కవి పేరు గానీ నాటకం పేరు గానీ చెప్పడు. పలు నాటకాల చివర రాజసింహుడు ఈ భూమిని పాలించుగాక అన్న భరతవాక్యం ఉంటుంది. "కిం వక్ష్యతీతి హృదయం పరిశంకితం మే" వంటి పాదాలు ఒక నాటకం నుంచి ఇంకోదానికి అలాగే నడిచి వస్తాయి.

ఇక్కడ ఆగిపోతే సమర్థకులు గెలిచినట్టే ఉంటుంది. ఎదురు పట్టిక వేయండి. కేరళ తాళపత్రాల ద్వారానే మనకు అందిన ఇతరుల నాటకాలు తీసుకోండి: పల్లవరాజు మహేంద్రవర్మ మత్తవిలాసం, శక్తిభద్రుడి ఆశ్చర్యచూడామణి, కులశేఖరవర్మ తపతీసంవరణం, సుభద్రాధనంజయం. మొదటి పోలికను వాటిలో వెతకండి. మత్తవిలాసం కూడా సూత్రధారుడి ప్రవేశంతోనే మొదలవుతుంది. బార్నెట్ ఎత్తిచూపింది ఇదే. కేరళ పండితులైన పిషారొటిలు మరింత ముందుకు వెళ్లి, ఇవి కేరళలో సంస్కృత నాటకాలాడే సంప్రదాయ నటులైన చాక్యార్ల రంగస్థలం కోసం కూర్చిన నాటకాలన్నారు. కాబట్టి ఆరంభ సూచన దక్షిణాది లేఖకుల అలవాటు. దాన్ని భాసుడి ముద్రగా లెక్కించడానికి వీల్లేదు, పట్టికలో కొట్టేయండి.

ఎదురు పట్టికకు కొన్ని లక్షణాలు మాత్రం లొంగవు. మత్తవిలాసం తన కవి పేరు చెబుతుంది, ఆశ్చర్యచూడామణి చెబుతుంది, కులశేఖరుడి నాటకాలు చెబుతాయి. పదమూడూ చెప్పవు. పాదాల పునరుక్తి కూడా నిలుస్తుంది. అయితే పునరుక్తి ఒకే కవి వల్లనైనా రావచ్చు, ఒకే నటబృందం అన్నింటినీ దిద్దడం వల్లనైనా రావచ్చు.

రాజసింహుడి సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేద్దాం. కాంచీపురంలో కైలాసనాథాలయం కట్టించిన రెండో నరసింహవర్మకు రాజసింహ బిరుదు ఉంది. పాండ్యరాజుల్లోనూ ఆ పేరున్నవారు ఉన్నారు. రాజులలో సింహం అన్న సామాన్యార్థమూ ఉంది. ఇంతమందికి సరిపోయే మాట మీద కాలనిర్ణయం కట్టకండి.

మెట్టు 5: రంగస్థలాన్ని చూడండి

గ్రంథాలయంలో కూర్చుని ఈ సమస్యను పూర్తిగా విప్పలేం. ఈ నాటకాలు కేరళలోనే మిగలడానికి కారణం అక్కడ వాటిని ఆడుతూ ఉండటం. కేరళ సంప్రదాయ సంస్కృత నాటక ప్రదర్శన అయిన కూడియాట్టంలో చాక్యార్లు నాటకం మొత్తాన్ని ఒకేసారి ఆడరు. ఒక్కో అంకాన్ని విడదీసి, దానికి వేరే పేరు పెట్టి, రోజుల తరబడి విస్తరిస్తారు. అభిషేకం మొదటి అంకం బాలివధం, మూడో అంకం తోరణయుద్ధం, ప్రతిజ్ఞాయౌగంధరాయణం మూడో అంకం మంత్రాంకం. అభినయ వివరాలకు ఆట్టప్రకారాలు, ప్రదర్శన ఏర్పాట్లకు క్రమదీపికలు అనే చేతిపుస్తకాలు వారికి ఉన్నాయి. 2001లో యునెస్కో కూడియాట్టాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. తిరువనంతపురంలో మార్గి, చెరుతురుత్తిలో కేరళ కళామండలం దీన్ని నేర్పుతున్నాయి. వీలైతే ఒక అంకమైనా చూడండి.

ప్రదర్శన చూశాక మీ పట్టికలోని చాలా విషయాలు కొత్త వెలుగులో కనిపిస్తాయి. అంకాన్ని విడిగా ఆడేవారికి కవి పేరు చెప్పే ప్రస్తావన అక్కరలేదు. దాని స్థానంలో ఏ నాటకానికైనా సరిపోయే పొట్టి ఆరంభం చాలు. నటుడు ఒక శ్లోకాన్ని వదిలేయవచ్చు, బాగుందనుకున్న పాదాన్ని ఇంకోచోటికి తేవచ్చు. మూడో మెట్టులో నాట్యదర్పణం శ్లోకం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకూ, నాలుగో మెట్టులో పేరు లేని ప్రస్తావనలకూ, పునరుక్తికీ ఒకే వివరణ ఇక్కడ దొరుకుతుంది. మన చేతిలో ఉన్నవి నటుల ప్రతులు. వాటిలో పాత కవి కలం ఉండవచ్చు, దాని మీద తరతరాల నటుల చేతులూ ఉన్నాయి. నా దృష్టిలో మొత్తం వివాదంలో కీలకం ఇదే. చాక్యార్లను మూలాన్ని పాడుచేసినవారిగా చిత్రించే వ్యాసాలు ఎదురైతే, వాళ్లు లేకపోతే మనకు ఏ పాఠమూ ఉండేది కాదని గుర్తుంచుకుని చదవండి. కాశ్మీరులో వామనుడికీ అభినవగుప్తుడికీ, గుజరాతులో రామచంద్ర గుణచంద్రులకూ తెలిసిన నాటకం ఆ ప్రాంతాల్లో పూర్తిగా మాయమైంది.

మెట్టు 6: చారుదత్తాన్ని మృచ్ఛకటికం పక్కన పెట్టి చదవండి

ఇది చేతులారా చేయవలసిన పరీక్ష. చారుదత్తంలో ఉన్నవి నాలుగే అంకాలు. శూద్రకుడి మృచ్ఛకటికంలో పది. చారుదత్తం నాలుగూ మృచ్ఛకటికం మొదటి నాలుగు అంకాలతో కథలోనూ, అనేక చోట్ల మాటల్లోనూ కలుస్తాయి. ఒకటి తెరిచి ఇంకోదానితో వాక్యం వాక్యం పోల్చండి.

కన్నం వేసే దొంగ ఒకదానిలో సజ్జలకుడు, ఇంకోదానిలో శర్విలకుడు. మృచ్ఛకటికాన్ని నడిపే ఆర్యకుడి రాజకీయ తిరుగుబాటు చారుదత్తంలో లేదు. శ్లోకం ఒకటే అయినచోట మృచ్ఛకటికం పాఠం తరచుగా నున్నగా, వ్యాకరణం సర్దుకుని ఉంటుంది. చారుదత్తం పాఠం గరుకుగా ఉంటుంది. వి. ఎస్. సుక్తంకర్ ఈ పోలికను ఓపికగా చేసి, చారుదత్తం పాఠమే పాతదన్న వైపు మొగ్గారు. గరుకుదాన్ని నునుపు చేయడం సహజం, నునుపైనదాన్ని కావాలని గరుకు చేయడం అరుదు అన్న ఆలోచన దీని వెనక ఉంది. అవతలి పక్షం వాదన కూడా రాసుకోండి. పది అంకాల నాటకం నుంచి నటులు తమకు కావలసిన నాలుగు తీసుకుంటే, రాజకీయ కథ సహజంగానే రాలిపోతుంది.

శ్లోకాలు పోలుస్తూ పోతే సుక్తంకర్ వైపే మీరూ వస్తారని నా నమ్మకం. అయితే ఒక మాట. చారుదత్తం మృచ్ఛకటికం కంటే పాతదని తేలినా, అది భాసుడిదని తేలినట్టు కాదు. పాతకాలంలో భాసుడొక్కడే నాటకాలు రాయలేదు.

మెట్టు 7: భాష, శైలి, లెక్కలు: ఎంతవరకు నమ్మాలి

ఈ నాటకాల ప్రాకృతంలో పాత రూపాలు ఉన్నాయి. విల్‌హెల్మ్ ప్రింట్జ్ 1921లో వాటిని వివరంగా పరిశీలించారు. పాత రూపాలుంటే పాత నాటకమే అనుకోవడం తేలిక. కానీ మలయాళ ప్రతుల్లో, ఎంతో తర్వాతి నాటకాల ప్రాకృతంలోనూ అటువంటి పాత రూపాలు నిలిచి ఉన్నాయి. మళ్లీ ఎదురు పట్టిక అవసరం. అనుష్టుప్పుల వాడుక ఎక్కువ కావడం, పాణినికి లొంగని ప్రయోగాలు, క్లుప్త సంభాషణ వంటివి పాతదనాన్ని సూచిస్తాయి. కర్త పేరును మాత్రం చెప్పవు.

కంప్యూటరుతో పదాల లెక్క తీసి తేల్చవచ్చు కదా అని ఇప్పటి విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. ఇంగ్లండులో ఇటువంటి లెక్కల ఆలోచన కంప్యూటర్లకు చాలా ముందే మొదలైంది. షేక్‌స్పియర్ ఎనిమిదో హెన్రీ నాటకంలో కొంత భాగం జాన్ ఫ్లెచర్ రాసిందని జేమ్స్ స్పెడింగ్ 1850లోనే పద్యాల నడకను పట్టి వాదించారు, పరిశోధకుల్లో చాలామంది దాన్ని ఒప్పుకున్నారు. అక్కడ అది సాధ్యమైంది ఎందుకంటే, ఫ్లెచర్ ఒక్కడే రాశాడని వేరుగా తెలిసిన నాటకాలు ఉన్నాయి. గీటురాయి మీద గీయడానికి మచ్చు బంగారం ఉంది. భాసుడి పేరుతో నిస్సందేహంగా నిలిచిన నాటకం ఒక్కటీ లేదు. లెక్కలు ఏ రెండు నాటకాలు దగ్గరగా ఉన్నాయో చెప్పగలవు, ఆ దగ్గరతనానికి భాసుడని పేరు పెట్టలేవు. పైగా కర్ణభారం వంటి ఏకాంకాలు అంత పొట్టిగా ఉన్నప్పుడు పదాల లెక్క నిలకడగా ఉండదు.

శైలిని పట్టి కర్తను మార్చాలని చూసిన సందర్భం తెలుగులోనూ ఉంది. క్రీడాభిరామం తన అవతారికలో వినుకొండ వల్లభరాయుణ్ణి కర్తగా చెప్పుకుంటుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి అది శ్రీనాథుడిదని వాదించారు, శ్రీనాథుడి పద్యపు నడకను ఎరిగినవారికి ఆ వాదం ఎందుకు పుట్టిందో వెంటనే అర్థమవుతుంది. రెండు సమస్యలకూ ఉన్న తేడా గమనించండి. క్రీడాభిరామంలో గ్రంథమే ఒక పేరు చెబుతోంది, దాన్ని కాదనేవారి మీద రుజువు భారం ఉంటుంది. తిరువనంతపురం నాటకాల్లో గ్రంథం మౌనంగా ఉంది, కాబట్టి పేరు పెట్టేవారి మీదే ఆ భారం.

మెట్టు 8: కొత్తగా దొరికిందంటే మరింత జాగ్రత్త

1941లో గుజరాతులోని గోండల్ నుంచి యజ్ఞఫలం అనే రామాయణ నాటకం భాసుడి పేరుతో వెలువడింది. పండితులు సాధారణంగా దాన్ని అంగీకరించలేదు. ఇటువంటిది మీ ముందుకు వస్తే ఒక తేదీని గుర్తుపెట్టుకోండి: 1912. భాస నాటకాల లక్షణాల జాబితా ఆ ఏడాది నుంచి అచ్చులో ఉంది. ఆ తర్వాత బయటపడిన నాటకంలో ఆ లక్షణాలన్నీ ఉండటం దాని ప్రామాణ్యానికి రుజువు కాదు, అవి చూసి ఎవరైనా రాయవచ్చు. తాళపత్రం లేదా కాగితం ఎక్కడిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, దాన్ని ఇతరులు చూశారా అన్నవి ముందు తేలాలి.

మెట్టు 9: ఒక్కో నాటకానికి ఒక్కో తీర్పు రాయండి

ఇప్పుడు నోటు పుస్తకంలోని పుటలు విడివిడిగా తీయండి. నా పుటల్లో ఉన్నది చెబుతాను. మీది వేరుగా ఉంటే ఏ మెట్టు దగ్గర విడిపోయామో వెతకండి.

స్వప్నవాసవదత్తం: భాసుడి నాటకమే, నటుల చేతిలో కొన్ని శ్లోకాలు పోయిన ప్రతి. రాజశేఖరుడి మాట, వామనుడి శ్లోకం, బంతి ఆట, రాతిపలక కలిసి చూస్తే అభినవగుప్తుడి ఆ ఒక్క శ్లోకం కంటే బరువైనవి.

ప్రతిజ్ఞాయౌగంధరాయణం: చాలావరకు భాసుడిదే. ఉదయనుడి కథలో స్వప్నానికి ముందు భాగం ఇది. ఉదయనుడి మంత్రి యౌగంధరాయణుడి బుద్ధీ పట్టుదలా రెండింటిలో ఒకే ఊపిరితో నడుస్తాయి. కృత్రిమమైన ఏనుగుతో వత్సరాజును మోసగించిన కథను ఆలంకారికుడు భామహుడు విమర్శించాడు. గ్రంథం పేరు చెప్పలేదు కాబట్టి దాన్ని సగం సాక్ష్యంగానే లెక్కించాను.

చారుదత్తం: పాత నాటకం, మృచ్ఛకటికానికి ముందుది. కర్త పేరు ఖాళీగా ఉంచాను.

ప్రతిమ, అభిషేకం: రెండూ రామకథలే, కానీ వాటి స్థాయి ఒకటి కాదు. చనిపోయిన రాజుల విగ్రహాల మధ్య తండ్రి ప్రతిమను చూసి భరతుడు జరిగింది గ్రహించే దృశ్యం రాసినవాడు మహాకవి. అభిషేకం కథను చకచకా నడిపించుకుపోతుంది. ఒకే చేయి అనడానికి నా మనసు ఒప్పుకోదు, అది అభిప్రాయమే గనుక పుటలో పెన్సిలుతో రాసుకున్నాను.

భారత కథల ఏకాంకాలు: వీటికి బయటి సాక్ష్యం దాదాపు లేదు. ఊరుభంగం, కర్ణభారం, దూతఘటోత్కచం ఒకదానికొకటి దగ్గరివన్నంత వరకు చెప్పగలం. రంగం మీదే దుర్యోధనుడి మరణం చూపించి, తొడలు విరిగిన ఆ రాజు చేత కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకోలేని దుఃఖం పలికించిన కవి ఎవరైనా, నాట్యశాస్త్రపు కట్టుబాటును దాటడానికి కావలసిన ధైర్యం ఉన్నవాడు.

కాలనిర్ణయం విషయంలో గణపతిశాస్త్రి చూపిన అతి ప్రాచీనత నుంచి బార్నెట్ చెప్పిన 7వ శతాబ్దం దాకా వెయ్యేళ్లకు పైగా విస్తీర్ణం ఉంది. ఎ. బి. కీత్ దాదాపు క్రీ.శ. 300 అన్నారు. స్వప్నం వరకు కాళిదాసుకు ముందు అన్న హద్దు చాలు.

మెట్టు 10: రాసేటప్పుడూ ఆడేటప్పుడూ పేరు ఎలా వేయాలి

పాఠ్యపుస్తకం, వ్యాసం, నాటక ప్రదర్శన కరపత్రం, ఏదైనా సరే, మీ తీర్పు అక్కడ కనిపించాలి. 1930 ప్రాంతంలో ఈ నాటకాలను ఆంగ్లంలోకి తెచ్చిన వూల్నర్, లక్ష్మణ్ సరూప్ తమ సంపుటికి తిరువనంతపురం నాటకాలు అని పేరుపెట్టి, భాసుడికి ఆరోపించినవని పక్కన చేర్చారు. తెలుగులో స్వప్నవాసవదత్తానికి "రచన: భాసుడు" అని ధైర్యంగా వేయండి. ప్రతిజ్ఞాయౌగంధరాయణానికీ అలాగే వేయవచ్చు. ఊరుభంగం ఆడుతున్నప్పుడు "భాసుడిదిగా ప్రసిద్ధమైన నాటకం" అని వేయండి. కింద ఇంకో పంక్తికి చోటుంటే, ఈ పాఠాన్ని కాపాడిన కేరళ చాక్యార్లకు కృతజ్ఞతలు అచ్చు వేయండి.